గీత పడని అద్దం

మా తమ్ముడు ఫోన్ చేసి “అక్కా, అమ్మకు మతి పోతుంది” అన్నప్పుడు నేను బచేలిలో మా క్వార్టర్ వెనక బట్టలు ఆరేస్తున్నాను. చేతిలోని తడి దుప్పటిని మళ్లీ బకెట్లోకి విసిరికొట్టాను. మా అమ్మకు మతి పోవడమేమిటి? ఎవరింట కోడి ఎన్ని గుడ్ల మీద కూర్చుందో, ఎవరి కోడలు అలిగి ఏ బస్సెక్కిందో, దోర్నపాల్ బజారు మొత్తం ఆమె నాలుక మీదుంటుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, నేను మరీ అంత లోకువైపోయానా అనిపించింది.

కానీ తమ్ముడు నాటకాలాడే రకం కాదు. దోర్నపాల్‌లో హైవే పక్కన వాడిది లారీ టైర్ల దుకాణం. నాన్న పోయాక అమ్మ వాడి దగ్గరే ఉంటోంది. బడి వదిలాక వాడి కూతుర్ని ఇంటికి తీసుకొచ్చే పని అమ్మది. అలాంటిది, ఆ ముసురు రోజుల్లో ఒకసారి అమ్మ వెళ్లనేలేదు. ఆరేళ్ల పిల్ల లారీలు పోయే రోడ్డు పక్కన తడుస్తూ నిలబడింది. మర్నాడు అమ్మ బడి మొదలైన కాసేపటికే పోయి గేటు ముందు కూర్చుంది. ఆ తర్వాత బీపీ గోలీ ఒక పూట రెండుసార్లు వేసుకుని కళ్లు తిరిగి పడింది. వాడు భయపడ్డాడు. భయపడాల్సిన విషయమే, కాదనను.

“దంతెవాడ తీస్కపోయి చూపించిన. డాక్టర్ సాబ్ పరీక్ష చేసిండు. భూల్‌నే కీ బీమారీ అంటుండు, మర్చిపోయే రోగం మొదలైందంట. గోలీలు రాసిచ్చిండు” అన్నాడు. “తాళాలు తీసుకున్న అక్కా. పొయ్యి కాడికి పోనిస్తలేము. పాపను నీ మరదలే తెస్తుంది ఇప్పుడు.”

తాళాలు, పొయ్యి, మనవరాలు. ఇవి తీసేస్తే మా అమ్మ దగ్గర ఏం మిగులుతుంది? కుర్చీ మిగులుతుంది.

ఆ పరీక్ష ఏమిటని అడిగాను. డాక్టరు హిందీలో అడిగాడట, ఇవాళ ఏం వారం అని. “దోర్నపాల్ అంగడి అయిన తెల్లారి” అందట అమ్మ. డాక్టరు తల అడ్డంగా ఊపాడట. ఎందుకు ఊపాలి? ఆ రోడ్డు పొడుగునా సగం మందికి వారాలు ఏ రోజు ఏ ఊరి సంతో ఆ పేరుతోనే నడుస్తాయి. సరే, ఆ తర్వాత తెల్లకాగితం ఇచ్చి “ఘడీ బనాయియే” అన్నాడట. అమ్మ గీసిన బొమ్మను తమ్ముడు ఫొటో తీసి పంపాడు. ఒక పొడుగాటి కడ్డీ, దాన్ని పట్టుకున్న రెండు కొక్కేలు, చివర్న చిన్న పిడి.

“ఒరేయ్, ఇది తలుపు గడియరా” అన్నాను.

“గడియ అంటే ఏంది?”

“తలుపుకు పెడతం గదరా.”

“కుండీనా? వాచీ గీయమంటే కుండీ గీసిందా? మరి సూసినవా అక్కా” అన్నాడు, నేనే వాడి మాట రుజువు చేసినట్టు.

హిందీ బడిలో చదివిన నా తమ్ముడికి గడియను హిందీలో కుండీ అనడమే తెలుసు, గడియ అంటే తెలియదు. డాక్టరుకు గడియ అన్న మాట ఒకటుందని తెలియదు. ఘడీ అన్నది అమ్మకు గడియలా వినబడి ఉంటుందని నేననుకున్నాను. ఇద్దరు చదువుకున్నవాళ్లు కలిసి ముసలిదానికి పిచ్చి అంటగట్టారు. ఎద్దు ఈనిందని ఒకడంటే దూడను కట్టేయమని ఇంకొకడు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. దారిలో పోలీసు క్యాంపు దగ్గర బస్సాపి సంచులు సోదా చేస్తున్న జవానుతో కూడా గొడవపడ్డాను, పాపం ఏ తప్పూ లేకుండా.

అమ్మ అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి. చింతపండు గింజ తీయకుండా, విస్తరాకు కుట్టకుండా, కనీసం పిల్ల తల దువ్వకుండా అమ్మ చేతులు అలా ఊరికే ఉండటం నేను పుట్టాక అదే మొదటిసారి చూడటం. ఎడమ చేతికి ఎప్పుడూ ఉండే పాత వాచీ తళతళ మెరుస్తోంది. చెయ్యి పట్టుకుని దగ్గరగా చూశాను.

“ఈ అద్దం ఎవరు మార్చిండ్రు?”

“నేనే” అన్నాడు తమ్ముడు, మొహం చేటంత చేసుకుని. “జగదల్‌పూర్ పోయినప్పుడు చేయించిన. అమ్మ బావి కాడ తీసి పెడితే జేబులో ఏసుకొని పోయిన. పాతది గుర్తుందా, ఎన్ని గీతలో. దరిద్రంగ ఉండె. ఆ కంపెనీ మూసిండ్రంట, కంపెనీ అద్దం యాడా దొరకదంట. ఇది బయటి మాలే గానీ అసలు దానికన్న మంచిదన్నడు. మినరల్ గ్లాసక్కా. సూదితోటి గీకినా గీత పడదు.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకో చెప్పాలంటే మా నాన్న సంగతి చెప్పాలి.

నాన్న జగదల్‌పూర్, కొంటా మధ్య తిరిగే ప్రైవేటు బస్సులో కండక్టరు. అది ఆయన వాచీ, రోజూ కీ ఇచ్చేది. దాని అద్దం గాజు కాదు, ఉబ్బెత్తుగా ఉండే ప్లాస్టిక్. అమ్మది కొంటాకు లోపల పొలాల మధ్య ఒక చిన్న పల్లె. బడి మొహం చూడలేదు. పెళ్లయిన కొత్తలో నాన్న ఆమెకు గడియారం చూడటం నేర్పబోయాడట. “చిన్న ముల్లు ఒకటి కాడుంటే ఒకటంటవు, పెద్ద ముల్లు అదే ఒకటి కాడుంటే అయిదంటవు. నీ ఇష్టమొచ్చినట్టు చెప్తవా?” అని అమ్మ ఎదురడిగిందట. నాన్న ఆ పాఠం అక్కడితో ఆపేశాడట. నిజం చెప్పొద్దూ, నన్నడిగినా ఆపేసేదాన్నే.

తర్వాత ఎవరి పెళ్లిలోనో మా మేనత్త పది మంది ముందు నవ్వింది. “గంట చూడరాని మొద్దును తెచ్చుకున్నడు మా అన్న” అంది. అమ్మ ఆ పూట అన్నం తినలేదు. ఇంటికొచ్చాక ఒక మధ్యాహ్నం నాన్న వాచీని ముందు పెట్టుకుని, సూది తీసుకుని, అద్దం అంచున చిన్న గీత గీశాడు. “చిన్న ముల్లు దీని కిందికొస్తే నా బస్సొస్తది” అన్నాడు. ఇంకోటి గీశాడు, కుళాయి నీళ్లకు. పక్కనే కూర్చుని చూస్తున్న నా వైపు తిరిగి పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. తమ్ముడు అప్పుడు ఉయ్యాల్లో ఉన్నాడు. వాచీ అమ్మ చేతికి మారింది.

ఆ రోజు నుంచి మా అమ్మ టైము చెప్పే మనిషైంది. ఎవరన్నా అడిగితే మణికట్టు తిప్పి చూసి “బస్సు యాళయింది” అనేది, “నీళ్లొచ్చే యాళ” అనేది. అంకె చెప్పేది కాదు. ఆ తేడా ఎవరికి తట్టింది? ఎవరికీ తట్టలేదు. వాచీ పెట్టుకుంది కాబట్టి చూడటం వచ్చనుకున్నారు. మా మేనత్త కూడా అదే అనుకుంది.

నాన్న పోయాక అమ్మ పళ్లపొడి వేలికద్దుకుని బస్సు గీత మీద రుద్దింది. ప్లాస్టిక్ కదా, ఓపికుంటే గీత చెరిగిపోతుంది. ఆమెకు ఓపికుంది. ఆ గీత పూర్తిగా పోయేదాకా రోజూ కొంచెం కొంచెం రుద్దింది. తర్వాత బీపీ గోలీకి తనే ఒకటి గీసుకుంది. మనవరాలు బడిలో చేరాక, పిల్లను తెచ్చే వేళకు ఇంకొకటి. అలా రాసుకుంటూ చెరుపుకుంటూ వచ్చిన పలక అది. మా తమ్ముడు దాన్ని ఊడబీకించి, జగదల్‌పూర్ దుకాణంలో చెత్తబుట్టలో పడేయించి, ఏ గీతా పడని అద్దం తెచ్చి తల్లికి కానుకిచ్చాడు. పైగా అసలు దానికన్నా మంచిదట. ఎవరికి మంచిది?

ఎండ కాసే రోజుల్లో అయితే అమ్మ నీడను బట్టి నెట్టుకొచ్చేది. వాడు అద్దం మార్చింది సరిగ్గా ముసురు పట్టినప్పుడు.

నాన్న ఆనాడు పెదవుల మీద పెట్టిన, ఒట్టులాంటి ఆ వేలును పక్కన పెట్టి, అన్నాల దగ్గర నేను సంగతంతా చెప్పేశాను. అమ్మకు గడియారం చూడటం రాదని, గీతలు చూసి నడుపుకొచ్చిందని, పోయింది మతి కాదు గీతలని. తమ్ముడు ముందు నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి అమ్మ వైపు తిరిగాడు.

“అమ్మా, నీకు టైం చూడరాదా?”

మరదలు గరిటె పట్టుకుని ఆగిపోయింది. అమ్మ నా వైపు ఒక్క చూపు చూసింది. చిన్నప్పుడు చుట్టాల ముందు ఎక్కువ మాట్లాడితే చూసిన చూపే అది.

“ఎందుకు రాదు? వస్తది” అంది.

“మరి ఇప్పుడెంతయింది?”

అమ్మ వాచీ చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత వాకిట్లోకి చూసింది. బయట వాన, మబ్బు, ఎక్కడా నీడన్నది లేదు. “కండ్లు సరిగ్గ ఆనుతలేవు కొడకా” అంది.

మరదలు జాలిగా మొహం పెట్టింది. ఆ జాలి చూస్తే నాకు కంచం తీసి గోడకు కొట్టాలనిపించింది. “అక్కా, నీకు కష్టంగనే ఉంటది. గానీ ఒప్పుకోవాలె” అని తమ్ముడు నాకు బుద్ధి చెప్పాడు. నాకంటే చిన్నవాడు. నేను ముక్కు తుడిచిన వెధవ.

కళ్లు ఆనడం లేదంది కదా, ఆ మాటే పట్టుకున్నాను. కొంటాలో కళ్లు చూపించుకొస్తానని చెప్పి మర్నాడు అమ్మను బస్సెక్కించాను. సీట్లో కూర్చుందో లేదో మొదలుపెట్టింది.

“కోడలి ముందర నా ఇజ్జత్ తీస్తివి.”

“నిన్ను పిచ్చిదంటున్నరే అమ్మా. తాళాలు గుంజుకున్నరు. ఇజ్జత్ అంటవేంది ఇంకా?”

“పిచ్చి అంటే రోగం. రోగం రాజుకైనా వస్తది. వాచీ చూడరాకపోవుడు రోగమా?”

అమ్మ కిటికీ వైపు తిరిగి, ఇంకో మాట అంది. “ఘడీ అంటే వాచీ అని నాకు తెల్వదనుకుంటున్నవా? ఇన్నేండ్లు బజారు చేసినదాన్ని. వాచీ గీస్తే లోపల అంకెలు రాయమంటడు. నేనేడ రాస్త? అందుకే తలుపు గడియ గీసిన. ముసల్దానికి చెవులు ఇనపడతలేవు అనుకుంటరనుకున్న.”

చెవిటిదాన్నని నమ్మించబోయి పిచ్చిదైంది మా అమ్మ. అది విన్నాక నా కోపానికి ఎటు పోవాలో తెలియలేదు. తమ్ముడి మీదికి పోయింది, డాక్టరు మీదికి పోయింది, ఏనాడో పోయిన మా మేనత్త మీదికి పోయింది. పెళ్లిపందిట్లో ఒకామె సరదాగా నవ్విన నవ్వు ఇన్నేళ్లు ఒక మనిషి మెడ మీద కూర్చుంది. ఆమె మాత్రం మర్చిపోయి హాయిగా కన్నుమూసింది. మర్చిపోయే రోగమంటే అది కదా.

కొంటాలో బస్టాండు దగ్గర ఒక వాచీల దుకాణం ఉంది. సగం కొట్టు మొబైల్ కవర్లే. దుకాణదారు కంటికి భూతద్దం తగిలించుకుని వాచీ చూసి పెదవి విరిచాడు. “ఎవరు బిగించిండ్రక్కా? ఇది ప్లాస్టిక్ అద్దం వత్తి పెట్టే రింగు. దీంట్లో గాజు ముక్క పెట్టి గమ్ముతోటి అంటిచ్చిండు. లోపల తెల్లగ పొగ పట్టింది చూడు. తీసి మంచి మినరల్ గ్లాసు ఏస్త.”

“వద్దు. ప్లాస్టిక్‌ది కావాలె. పాతకాలందాని లెక్క ఉబ్బుగ ఉండాలె.”

“ప్లాస్టిక్ ఎందుకక్కా? ఊకె గీతలు పడతయి.”

“గీతలు పడాలనే అడుగుతున్న.”

ఆయన భూతద్దం తీసి నన్నోసారి చూశాడు, అమ్మనోసారి చూశాడు. మా ఇద్దరిలో రోగం ఎవరికో తేల్చుకుంటున్నట్టుంది. జనం కోరేదేమిటి, నేను అమ్మేదేమిటి అని ఒక చిన్న ఉపన్యాసమిచ్చాడు. నాకు ఉపన్యాసాలు వినే ఓపిక అయిపోయి చాలా రోజులైంది. ఉంటే చూపించు, లేకపోతే లేదను అన్నాను. గొణుక్కుంటూ బల్ల కింద నుంచి డబ్బా తీశాడు. చిన్న చిన్న కాగితం పొట్లాల్లో అద్దాలు, పొట్లం మీద సైజులు. “ఇవి గూడ కంపెనీవి కావు, ఢిల్లీ మాలు” అన్నాడు, నేను తర్వాత తగాదా పెట్టుకోకుండా ముందుజాగ్రత్తగా. అసలుదా నకిలీదా అని నాకేం పట్టింపు లేదు. ఆ అద్దం మీద మా అమ్మ చెయ్యి సాగాలి, అంతే.

రింగు కొలిచి ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. అమ్మ జాకెట్టుకున్న పిన్నీసు తీసి దాని అంచున గీకబోయింది.

“ఏయ్ అమ్మా, గీకకు. పాడైతది” అని ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“పాడైతదా?” అంది అమ్మ. నేను బచేలి నుంచి వచ్చాక మొదటిసారి ఆమె మొహంలో వెలుగు చూశాను. “అయితే ఇదే పెట్టు.”

పాత గమ్మును వేడిచేసి జగదల్‌పూర్ అద్దాన్ని ఊడదీశాడు. ప్లాస్టిక్ అద్దం రింగుకన్నా వెంట్రుకవాసి పెద్దది. వేళ్ల కొసలన్నీ దగ్గరికి తెచ్చినట్టుండే పనిముట్టుతో దాని అంచుల్ని చుట్టూ నొక్కిపట్టి, కొంచెం ముడుచుకున్నాక రింగులో దించి వదిలేశాడు. టప్పున పట్టుకుంది. గమ్ము లేదు, ఏమీ లేదు, తన బిగువుతో తనే నిలబడింది. జగదల్‌పూర్ అద్దం బల్ల మీద మెరుస్తూ పడి ఉంది. దాన్ని ఏం చేయమంటావని అడిగాడు. నీ ఇష్టమొచ్చిన చోట పారేయమన్నాను.

బస్టాండు బెంచీ మీద కూర్చుని పని కానిచ్చాం. నేను కీ బుడిపె లాగి ముళ్లు తిప్పి బడి వదిలే వేళకు పెట్టాను. అమ్మ పిన్నీసుతో చిన్న ముల్లుకు ఎదురుగా గీసింది. నీళ్ల వేళకు తిప్పాను, గీసింది. గోలీ వేళకు తిప్పాను, గీసింది. గీసిన ప్రతిసారీ గోటితో తడిమి, లోతు చాలకపోతే మళ్లీ గీసింది. ఒకసారి కూడా ఇది దేనికి అని అడగలేదు. మతి పోయిన మనిషట.

కళ్లకు ఢోకా లేదన్నారని ఇంట్లో చెప్పాను. పాపను తెచ్చే పని ఒక్క వారం అమ్మకిచ్చి చూడమని తమ్ముడితో పోట్లాడాను. సరేనని, వాడు దుకాణం వదిలి దొంగలా వెనకాలే వెళ్లి చూశాడు. అమ్మ వేళకు బయల్దేరింది, పిల్ల బయటికొచ్చే వేళకు గేటు దగ్గరుంది. మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి తాళాలు ఆమె నడుముకొచ్చాయి, పొయ్యి చేతికొచ్చింది. నేను బచేలి వచ్చేశాను. గెలిచాననుకున్నాను.

తర్వాత తమ్ముడు ఫోన్ చేశాడు. నేను హలో అనకముందే సంతోషంగా మొదలుపెట్టాడు.

“మందు పనిచేస్తుందక్కా. ఆ డాక్టర్ సాబ్ దేవుడు. జిందగీ అంతా వాడాలన్నడు, వాడదాం.”

ఏ మందు? అప్పుడు గుర్తొచ్చింది, పరీక్ష నాడే డాక్టరు మతిమరుపుకు గోలీలు రాసిచ్చాడని. “గోలీలు కాదురా, గీతలు” అని అరిచాను. వాడు పాపం ఓపిగ్గా విన్నాడు, రోగి బంధువులు ఇలాగే మాట్లాడతారని డాక్టరు ముందే చెప్పి ఉంటాడు. అమ్మను లైన్లోకి పిలిచి ఆ గోలీలు మానెయ్యమన్నాను. కడుపులో తిప్పుతోందని, నోరు చేదవుతోందని ఆమే చెప్పింది కూడా. “మానేస్తే మళ్ల పాపను పంపరు బిడ్డా. ఊకో” అని గొంతు తగ్గించి చెప్పి ఫోన్ పెట్టేసింది.

ఊరుకోవడం నాకు చేతకాదు, అందుకే ఇది రాస్తున్నాను. ఇంటి గుట్టు బయట పెడుతున్నానన్న భయం కూడా లేదు. నేను నాన్న దగ్గర నేర్చుకున్న తెలుగు తమ్ముడికి అబ్బలేదు. ఇంట్లో తెలుగే మాట్లాడతాడు, ఒక్క అక్షరం చదవలేడు. వాడి కూతురికీ రాదు, భార్యకూ రాదు. ఈ కాగితం వాడి ముందు పెడితే అమ్మ వాచీ చూసినట్టే చూస్తాడు. అయినా వాణ్ణి ఎవరూ దంతెవాడ తీసుకుపోలేదు. వాడి చేతిలోంచి తాళాలెవరూ లాక్కోలేదు.

మొన్న మళ్లీ దోర్నపాల్ వెళ్లాను. అమ్మ పొయ్యి ముందు కూర్చుని కూర కలుపుతోంది, కొంచెం చిక్కింది. గరిటె తిప్పుతుంటే వాచీ కనబడింది. చెయ్యి ఆపి చూశాను. కొంటాలో మేం గీసినవి కాక అంచున ఇంకో గీత ఉంది, కొత్తది, మిగతావాటికన్నా లోతుగా.

“ఇదేందమ్మా?”

“మతిమరుపు గోలీకి” అంది. “యాళకు ఏసుకోవాలె గద.”

“మరి ఎన్నడన్న మర్చిపోయినవా?”

“లేదు” అంది అమ్మ. “ఒక్కనాడు గూడ మర్చిపోలే.”